బడి రవ్వకు తరుగు

నిడమనూరు దగ్గర మా ఊరి బడిలో నేను పంతులమ్మగా చేరిన ఏడాదే అమెరికా నుంచి పిల్లల ఉప్మాకు గోధుమ రవ్వ రావడం మొదలైంది. మిర్యాలగూడ దాకా రైల్లో, అక్కడి నుంచి లారీలో వచ్చే ఆ బస్తాల్ని మా నాన్న కొట్లో దింపేవారు. వానకు తడవని గది ఊళ్లో అదొక్కటే. నాన్న ధాన్యం వ్యాపారి, ఊరందరికీ సేటు, మాట తప్పని మనిషని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కాస్త గీరగానే ఉండేది.

ఉప్మా వారానికి రెండు రోజులే ఎందుకు వండుతున్నారని, తండా నుంచి ఇద్దరు పిల్లల్ని పంపే తల్లి ఒకామె బడి మీటింగులో లేచి అడిగింది. వచ్చిన రవ్వ అంతేనన్నారు హెడ్మాస్టరు గారు.

"ఎంతొచ్చిందో మాకెట్ల ఎరుక సారూ? ఎడ్లు తప్పిపోతే డప్పు కొట్టిస్తరు. పిల్లల తిండొస్తే ఎందుకు కొట్టియ్యరు?" అందామె. ఆయన, పాపం, మంచి మనిషి. సరేనన్నారు.

తర్వాతి లారీ వచ్చిన తెల్లారే చాటింపు వేయించారు. ఎన్ని బస్తాలొచ్చాయో చెప్పి, సేటు కొట్ల ఉన్నయ్, ఎవరన్న పోయి సూసుకోవచ్చని. జనం వచ్చారు. నాన్న ఏమీ తడబడకుండా తలుపు తీశాడు. నాలుగు బస్తాలు తక్కువ.

"తరుగు తీసిన. ఎవరి గింజైనా కొట్ల పెడితే తరుగు ఉంటది గదా," అన్నాడు. రైతులు దాచుకునే వడ్లలో ఎండేదానికీ ఎలుకలు తినేదానికీ అని ముందే కొంత తీసుకోవడం మా ఇంటి వాడుక. ఇందులో తప్పుందని ఆయనకు నిజంగానే తోచలేదు.

"కుట్టు విప్పని బస్తాల తరుగెట్లొస్తది సేటూ? ఎలుకలు బస్తాకు బస్తా మింగినయా?" అందా తల్లి.

ఎవరూ నవ్వలేదు. నాన్న నా వైపు తిరిగి, "సదువుకున్నదానివి, జర వీళ్లకు సమజయ్యేటట్లు చెప్పు బిడ్డా," అన్నాడు. పొద్దున ఇంట్లో నేను తిన్న ఉప్మా ఎక్కడిదో అప్పుడు తెలిసింది. తల దించుకుని జనంలోంచి బయటికి వచ్చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే నాన్న తరుగు తీసిన బస్తాలను బండి మీద బడికి పంపాడు. నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఇక లారీ వచ్చినప్పుడల్లా డప్పు మోగేది, బస్తాలు జనం ముందే దిగేవి. ఉప్మా రోజూ వండేవారు.

అంతకుముందు తండా పిల్లలు మధ్యాహ్నం లెక్కల గంటలో కూర్చున్నచోటే తూగేవాళ్లు. మొద్దులని, వీళ్లకు చదువు అబ్బదని బెత్తంతో లేపేదాన్ని. నెల తిరిగేసరికి చూస్తే, ఒక్కరూ తూగడం లేదు.