ఇంట్లో మనిషి

పొద్దున తెనాలి స్టేషన్ దగ్గర నా ఆటో ఎక్కిన అమ్మాయి మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడుతోంది. ఏ బ్యాంకులోనో ఉద్యోగమనుకుని అడిగితే, మంచాన పడ్డ ఒక పెద్దావిడను చూసుకునే పని అంది. ట్రైనింగ్ కూడా అయిందట. దిగాక ఆ కార్డును చున్నీ మీదికి తీసి, సర్దుకుని మరీ గేటు తీసింది. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు చెయ్యెత్తినా బండి ఆపబుద్ధి కాలేదు. మా పిన్ని గుర్తొచ్చింది.

మా అమ్మ చెల్లెలు ఆమె. రేపల్లె దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక తెనాలి వచ్చి, బాబాయి పోయాక ఒక ఇంట్లో పనికి కుదిరింది. జుట్టు కూడా ఆ ఇంట్లోనే నెరిసింది. అక్కడి సారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. ఆయన మాట్లాడితే మధ్యలో ఒక శ్లోకం పడాల్సిందే. ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసిన నాకు ఆ శ్లోకం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. అందుకని ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా 'ఆహా' అనేవాణ్ణి. నాకు సాహిత్యాభిమానం ఉందని ఆయన చాలాకాలం నమ్మారు. ఇక అమ్మగారు చెడ్డ మనిషని ఎవరన్నా నేను ఒప్పుకోను. పండక్కి చీర పెట్టేవారు, జ్వరమొస్తే మాత్ర ఇచ్చేవారు, ఎవరొచ్చినా "మా ఇంట్లో మనిషండి" అని పిన్నిని చూపించేవారు. ఆ ఇంట్లో మనిషి కాఫీ గ్లాసు మాత్రం పెరటి గోడ మీద విడిగా బోర్లించి ఉండేది. "పాపం, గ్లాసుకి మొహమాటం ఎక్కువనుకుంటా పిన్నీ, లోపలికి రమ్మన్నా రాదు" అనేవాణ్ణి. పిన్ని నవ్వాపుకుని, "నోర్ముయ్యరా, ఎవరన్నా వింటారు" అనేది.

ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు బాపట్లలో ఆదివారాలు పాఠాలు చెబుతున్నారని ఎవరో అంటే పిన్ని పేరిచ్చి వచ్చింది. రోగిని నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడం, బట్టలుతికే మిషన్లు వాడటం, గ్యాసుతో జాగ్రత్త, వాటితోపాటు సెలవు కావాలని తల ఎత్తి అడగడం కూడా నేర్పుతారట.

"ఇన్నేళ్ళు అంట్లు తోమి, ఇప్పుడు తోమడం నేర్చుకోడానికి రైలెక్కుతావా?" అన్నాను.

"ఏడో క్లాసు దాకా వెళ్ళి నువ్వేం నేర్చుకున్నావని నన్నడుగుతున్నావు?"

సూర్యలంక సముద్రానికి పోయే కుర్రకారుతో కిటకిటలాడే రైల్లో, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఇస్త్రీ చీరలో పిన్ని ఒక్కతీ పాఠాలకు వెళ్ళేది. తిరిగొచ్చాక నన్ను చాప మీద పడుకోబెట్టి, దుప్పటి అంచులు పట్టుకుని ఇటూ అటూ దొర్లించేది. "మాట్లాడకు. నువ్వు పక్షవాతం మనిషివి" అనేది. పక్షవాతం కాళ్ళకి, నోటికి కాదు కదా అంటే, "నీకు నోటికొస్తేనే ఊరికి మంచిది" అనేది.

పాఠాలు అయ్యాక అసలు సంగతి వచ్చింది. కార్మికురాలిగా పేరు నమోదైతే, పనిచేస్తుండగా కాలో చెయ్యో విరిగినా ఎంతో కొంత సాయం అందుతుందట. పేరు రాయించే పూచీ పాఠాలు చెప్పిన టీచరమ్మ తీసుకుంది. పనిచేసే ఇంటివాళ్ళు అవునని ఆమెతో ఒక్క మాట అంటే చాలు. పిన్నికి అప్పటికే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. మంచాన పడితే చూసేది రేపల్లెలో కుట్టుమిషన్ మీద బతికే కూతురొక్కతే. ఆ ఒక్క మాట కోసం, టీచరమ్మ వచ్చే ముందురోజు పిన్ని అన్నం కూడా సరిగా తినలేదు.

టీచరమ్మను స్టేషన్ నుంచి నేనే తీసుకెళ్ళాను. సారు ఆదరంగా కుర్చీ చూపించారు. పిన్ని కాఫీ ట్రేతో వచ్చి పక్కన నిలబడింది. నేను గుమ్మం దగ్గర ఆగాను.

"ఈవిడ మీ ఇంట్లో పనిచేస్తారు కదండి?" అంది టీచరమ్మ.

అమ్మగారు సారు వైపు చూశారు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయనకు శ్లోకం తట్టకపోవడం నేను చూడటం అదే మొదలు.

"పనిమనిషి అంటారేంటండి? మా ఇంట్లో మనిషి. తోచక వచ్చి ఏదో సాయం చేస్తుంది, మేమూ మాకు తోచింది ఇస్తాం. మధ్యలో గవర్నమెంటు ఎందుకండి?" అని అమ్మగారు పిన్ని వైపు తిరిగారు. "ఏమే, కాదంటావా?"

"మీరు చెప్పండమ్మా" అంది టీచరమ్మ కూడా.

మా వైపు ఒక పద్ధతి ఉంది. బయటి మనిషి ఎదురుగా ఇల్లాలి మాట తీసేయకూడదు. పులుసులో ఉప్పు మరిచినా అమోఘం అనాల్సిందే. ఆ పద్ధతి పిన్నికి చిన్నప్పుడే ఒంటబట్టింది, పాఠాలేమో మొన్నమొన్నటివి. ట్రే వంక చూస్తూ, "అమ్మగారు చెప్పిందేనండి" అంది. నేను నోరు తెరవబోయాను. పిన్ని చూసిన చూపుకు మూసుకున్నాను. టీచరమ్మ కాఫీ సగం తాగి లేచింది. పనిచేసే మనిషే పని లేదంటే, ఆమె మాత్రం పేరెలా రాయిస్తుంది?

ఆ ఏడు వానల్లో, పాచిపట్టిన అమ్మగారి పెరట్లో జారి పిన్ని కుడి మణికట్టు విరిగింది. అమ్మగారు బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అవి దొంగ కన్నీళ్ళు కావు. వారం తిరక్కుండా వేరే మనిషిని పెట్టుకున్నారు, అదీ అబద్ధం కాదు. సాయం ఎక్కణ్ణుంచీ రాలేదు. పనే చేయని మనిషికి పనిలో దెబ్బెలా తగులుతుంది? పిన్నిని మూటాముల్లెతో రేపల్లెలో కూతురింటి దగ్గర దింపింది కూడా నేనే.

ఎండలు ముదిరాక చూసొద్దామని రేపల్లె వెళితే, పిన్నితో అమ్మగారు ఫోన్‌లో ఉన్నారు. ఆవకాయ కలుపుతున్నారట, కారం పాళ్ళు కుదరడం లేదట. "కాస్త తగ్గించే వేయండి అమ్మగారూ, సారుకి పడదు. జాడీ తడి లేకుండా తుడిపించారా?" అంటూ పిన్ని ఓపిగ్గా చెబుతోంది.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "ఆ రోజు ఎందుకలా అన్నావు పిన్నీ?"

"వచ్చినావిడ ముందు కాదంటే అమ్మగారి మొహం ఏం కావాలిరా?" అంది. మళ్ళీ తనే గొంతు తగ్గించి, "అనేయాల్సిందేమోలే" అంది.

కుచ్చిళ్ళు జారుతుంటే కుడిచేత్తో బిగించుకోబోయింది. వేళ్ళు ముడుచుకోలేదు. కూతురు మిషన్ ఆపి వచ్చి సర్దింది. మాట అనడానికి రెప్పపాటు చాలు. అనకుండా వదిలేసిన మాట మాత్రం, మనిషికి మిగిలిన ఏళ్ళన్నిటినీ ఎదురుగా కూర్చుని తింటుంది.