మేజోడు తొడిగిన రీలు

మా ఆయన ఓరిన్‌ని పూడ్చిపెట్టిన రోజు పాస్టరు గారు సమాధి దగ్గర నిలబడి, "ఈ మనిషి జన్మలో ఏదీ దాచి ఎరగడు" అన్నారు. నాకు దగ్గొచ్చింది. వెనకాల నిలబడ్డ ఆయన చేపల జతగాడు హార్లన్‌కి ఇంకా పెద్ద దగ్గొచ్చింది. పాస్టరు గారు మా ఇద్దరికీ జలుబనుకున్నారు.

ఓరిన్ ఈ ఓజార్క్ కొండల్లోనే పుట్టి, ఊరందరి వంటిళ్ళకీ చెక్క అల్మరాలు చేసి, ఇక్కడే పోయాడు. మా ఇంట్లో అల్మరాకి మాత్రం చివరిదాకా ఒక తలుపు లేదు. తీరిక దొరికితే కదా. దొరికిన తీరికంతా డ్యాము నీళ్ళకీ బాస్ చేపలకీ పోయేది. పెళ్ళైన మర్నాడు కూడా చేపలకే వెళ్ళాడు. నన్నూ తీసుకెళ్ళాడు లెండి, పడవలోకి ఊరే నీళ్ళు తోడడానికి.

దేవుడి మీద ఎంత నమ్మకమో నాకు తెలీదు గానీ గాలం కర్రకి దారం చుట్టే రీలు మీద మాత్రం మహా పట్టింపు. కర్ర పైన కూర్చునే బరువు రీలు మగాళ్ళదట. కర్ర కింద వేలాడే తేలిక రీలు చిన్నపిల్లలదట. "కింద వేలాడ్డం ఆవు పొదుక్కి అందం, రీలుకి కాదు" అని రేవులో అందరి ముందూ అనేవాడు. ఎవడి చేతిలోనైనా అలాంటిది కనిపిస్తే ఆ ఏడాదంతా వాణ్ణి వదిలేవాడు కాదు.

ఆ పైన కూర్చునే రీలుకి ప్రాణమంతా బొటనవేలే. గాలం విసిరినప్పుడు గిర్రున తిరిగే కండె మీద వేలు ఆనీ ఆనకుండా ఉండాలి. కాస్త అటూ ఇటూ అయిందా, దారమంతా పిచ్చుకగూడైపోతుంది. ఓరిన్ అటు చూడకుండా, కబుర్లు చెబుతూనే విసిరేవాడు.

ఒకరోజు హార్లన్ చెప్పిన జోకుకి నవ్వుతూ తిరుగుతున్న రంపం మీద చెయ్యి వేశాడు. అంత నవ్వొచ్చే జోకు కూడా కాదది. డాక్టరు తెగిన బొటనవేలు కుట్టి అతికించాడు. బాగానే కుట్టాడు, నా బొంత కుట్టు కన్నా నయమే. కానీ వేలుకి స్పర్శ రాలేదు.

చలి తగ్గాక నీళ్ళ మీదికి వెళ్ళాడు. విసిరినప్పుడల్లా పిచ్చుకగూడే. ఇంటికొచ్చి కర్రలన్నీ కొట్టంలో తగిలించి, "చేపలంటే మొహం మొత్తింది" అన్నాడు. ఇక మకాం నా వంటింట్లో. గ్రేవీ ఎలా కలపాలో నాకు నేర్పడం మొదలెట్టాడు. ఈయన నీళ్ళకైనా వెళ్ళాలి, లేదా మా ఇద్దర్లో ఒకరు జైలుకైనా వెళ్ళాలి అనుకున్నాను.

నవ్వులాటకి అలా అంటాను గానీ, మనిషి తినడం మానేశాడు. మా కిటికీలోంచి కొండ కింద నీళ్ళు కనిపిస్తాయి. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చునేవాడు. అలా చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

నెడ్రా కొట్టుకి వెళ్ళాను. ఎరలూ గాలాలూ అమ్ముతుంది. నోట్లో సిగరెట్టు తీయకుండానే మాట్లాడుతుంది.

"కింద వేలాడే రీలు కావాలి" అన్నాను.

"ఎవరికి?"

"నాకే."

"వానపాము కనబడితే కుర్చీ ఎక్కేదానివి, నీకా?"

"సరే, ఓరిన్‌కి."

నెడ్రా సిగరెట్టు తీసి పక్కన పెట్టింది. "విల్డా, మీ ఆయన నా కొట్టు గుమ్మంలో నిలబడి వీటిని చూసి ఉమ్మినవాడు."

"తెలుసు. తుడిచింది నేనే. చూపించు."

రకరకాలు తీసి బల్ల మీద పెట్టింది. పెద్దది సముద్రానికి, చిన్నది బుడత చేపలకి, మన బాస్‌కి ఈ మధ్య సైజు అంది. "మన నీళ్ళు అద్దంలా ఉంటాయి. లావు దారం చూస్తే చేప దగ్గరికే రాదు. సన్న దారానికి లోతు లేని వెడల్పు కండె ఉండాలి, అప్పుడే సాఫీగా జారుతుంది." తర్వాత బంగారు రంగుదొకటి ముందుకు తోసింది. "మగాళ్ళంతా దీన్నే పట్టుకుంటారు."

"పెళ్ళాన్ని వెతుక్కునేటప్పుడూ వాళ్ళంతే. ఇంకోటి చూపించు."

దారం కొస పట్టుకుని మెల్లగా లాగాను. బంగారు రంగుది కాసేపు బిర్రబిగుసుకుని, ఒక్క కుదుపుతో వదిలింది. నా పాత కుట్టుమిషను కూడా ఇలాగే పట్టిపట్టి వదిలి దారం తెంపేది. నల్లటిదాన్ని లాగితే వెన్నలోంచి వచ్చినట్టు మొదట్నుంచీ ఒకే తీరుగా వచ్చింది. కర్రకి బిగించి, రీలు దగ్గర ఒక్క వేలు మీద నిలబెట్టాను. అటూ ఇటూ వాలకుండా నిలిచింది. చెయ్యి నొప్పి పుట్టని బరువు.

"మరి బొటనవేలు ఏం చేస్తుంది?" అని అడిగాను.

"ఏమీ చెయ్యదు. దారం పట్టేది చూపుడువేలు. బొటనవేలు పైన ఊరికే పడుకుంటుంది, ఆదివారం మీ ఆయన్లా."

ఆ నల్లదే తీసుకున్నాను.

ఓరిన్ దాన్ని చూసి, "ఏమిటిది?" అన్నాడు.

"రీలు."

"ఇది రీలా? గుడ్లు గిలక్కొట్టేది."

"అయితే గుడ్లు గిలక్కొట్టుకో. గ్రేవీ జోలికి మాత్రం రాకు."

కుర్చీ పక్కన పెట్టి వదిలేశాను. ఒక మధ్యాహ్నం నేను పిండి కలుపుతుంటే అవతలి గదిలో పిడి తిప్పుతున్న చప్పుడు. నేను విననట్టే ఉన్నాను. మర్నాడు పెరట్లో విసరడం మొదలెట్టాడు. దారానికి అడ్డు లేకుండా ఎత్తిన తీగని విసిరాక చేత్తో మూయాలని నెడ్రా చెప్పింది. ఈయన పిడి తిప్పి టక్కున మూస్తున్నాడు. దారం మెలికపడి పందితోకలా చుట్టుకుంటోంది.

"చేత్తో మూయి" అన్నాను, బట్టలారేస్తూ.

"నాకు నేర్పుతున్నావా?"

"నీకెవరు చెబుతున్నారు? క్లిప్పులతో మాట్లాడుకుంటున్నా."

తర్వాతది చేత్తోనే మూశాడు.

నీళ్ళకి వస్తానన్నాడు గానీ, రీలు ఎవరి కంటా పడకూడదన్నాడు. నా ఊలు మేజోడొకటి దానికి తొడిగాం. శనివారం పొద్దున రేవులో అందరూ ట్రక్కుల వెనక తలుపులు దించుకుని కూర్చుని కాఫీ తాగుతూ, వచ్చినవాడి కర్రలన్నీ తనిఖీ చేస్తారు. అది అక్కడి ఆచారం.

"ఓరిన్, నీ కర్రకి కాలు మొలిచిందేమిటి?" అన్నాడు హార్లన్.

"చలిగా ఉందని తొడిగా."

"మే నెల్లోనా?"

అంటూనే మేజోడు లాగేశాడు. ఓరిన్ మెడ దాకా ఎర్రబడ్డాడు. ట్రక్కు తాళాల కోసం జేబులో చెయ్యి పెట్టాడు. ఇప్పుడు ఇంటికెళితే మళ్ళీ గోడవైపు కుర్చీయే.

హార్లన్ కాఫీ కింద పెట్టి, తన పడవలోకి దిగి సామాన్ల పెట్టె మూత ఎత్తాడు. పువ్వుల దిండుగలీబు ఒకటి బయటికి తీశాడు. అందులోనూ ఒక రీలు, కింద వేలాడేదే. "ఈ నీళ్ళలో ఎన్నో ఏళ్ళుగా దీంతోనే పడుతున్నానురా. నీ నోటికి జడిసి మా ఆవిడ గలీబులో దాచా."

ఇంకో పడవలో పెట్టె మూత లేచింది. దాన్లో తువ్వాల్లో చుట్టింది. మరో పడవలో పాత బనీనులో. రేవు రేవంతా ఈయన నోటికి భయపడి దాచుకున్నవాళ్ళే.

"దొంగ వెధవల్లారా" అన్నాడు ఓరిన్.

"మేజోడు తొడిగినవాడికంటేనా?" అన్నాడు హార్లన్.

తాళాలు జేబులోనే ఉండిపోయాయి.

ఆ రోజు బాస్ ఒకటి పడి లోతుకి ఉరికింది. రీలు తెంపకుండా, కుదపకుండా దారం వదిలి ఇచ్చింది. ఓరిన్ చేపని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి నీళ్ళలో వదిలేశాడు. శాండ్‌విచ్ తుంచి పెద్ద ముక్క నాకిచ్చాడు. మా ఇంట్లో ప్రేమలేఖంటే అదే.

ఊపిరితిత్తులు మొరాయించేదాకా ఆ రీలుతోనే పట్టాడు. వేట అయ్యాక దారం బిగువు పెంచే మర వదులు చేసి పెట్టాలి, లేకపోతే లోపలి బిళ్ళలు అణిగిపోతాయి. ఆయన ఒక్కనాడూ చెయ్యలేదు. ఆయన కాళ్ళు కడుక్కునేలోగా సణుగుతూ నేనే చేసేదాన్ని. ఆఖరిసారి రేవు నుంచి తిన్నగా ఆసుపత్రికే వెళ్ళాం. ఆ మర బిగించింది బిగించినట్టే ఉండిపోయింది.

"వదులు చేశావా?" అని నెడ్రా కనిపించినప్పుడల్లా అడుగుతుంది.

"చేస్తాలే."

"పాడైపోతుంది విల్డా."

"పాడైతే నీ దగ్గర ఇంకోటి కొంటాలే."

మేజోడు మాత్రం ఉతికాను. మరని ముట్టుకోలేదు. ఆఖరిసారి తన చేత్తో, ఎప్పట్లాగే, ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే బిగించాడు.