గిటారు జాక్‌కో నట్టు

మా చర్చిలో నా గిటారుకు ఒక శత్రువు ఉండేది. ఆవిడ మా మేనత్త. మిషను స్కూల్లో హెడ్మిస్ట్రెస్సు, చర్చిలో హార్మోనియం, పాటల బృందానికి పెద్ద, ఎవరూ అడక్కపోయినా మా ఇంటిక్కూడా పెద్ద. మా ఊరి సంఘం ఏళ్ళ తరబడి ఆవిడ శ్రుతిలోనే దేవుణ్ణి స్తుతించింది. అలాంటిచోటికి నేను బీకాం రెండో ఏట, మద్రాసులో ఎవరో వదిలించుకున్న ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు పట్టుకొచ్చాను. ఆవిడ దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, "కరెంటు పోతే స్తుతి కూడా ఆపేస్తావేంట్రా?" అంది. మా ఊళ్ళో కరెంటు ఉండడం కంటే పోవడమే ఎక్కువ మరి.

గిటారు పక్క అంచున వైరు గుచ్చడానికి చిన్న జాక్ ఉంటుంది. దాన్ని చెక్కకు బిగించి ఉంచేది ఒకే ఒక్క నట్టు, దాని కింద వాషరు. గిటారును గోనెపట్టాలో చుట్టి సైకిలు క్యారేజీకి కట్టుకొని పత్తిచేల గట్టున వస్తుంటే ఆ రెండూ ఎక్కడో ఊడిపడ్డాయి. నల్లరేగడిలో పడిన నట్టును వెదకడం కంటే కొత్త గిటారును పండించడం తేలిక. ఆ ఆదివారం చర్చిలో వైరు గుచ్చగానే జాక్ చెక్క లోపలికి జారిపోయింది. లాగి సర్దినప్పుడల్లా మైకుసెట్టులోంచి, కాగే నూనెలో ఎండుమిరపకాయలు వేసినట్టు గరగర. అదీ సరిగ్గా, పాస్టరు అయ్యగారు అందరినీ మౌనంగా ప్రార్థించమన్నప్పుడు.

ఆరాధన అయ్యాక అందరి ముందూ అత్త అడిగింది.

"ఏరా, అది వాయిద్యమా, పిండిమరా?"

"నట్టు పోయింది అత్తా."

"నీకా, దానికా?"

అందరూ నవ్వారు. నవ్వకపోతే ఏడుస్తున్నాననుకుంటారని నేనూ నవ్వాను.

"అయ్యగారూ, మీరే సాక్షి," అంది అత్త. "పంట పండగ ఇంకా మూడు వారాలుంది. ఆరోజు ఒక్క గర వినబడిందా, ఈ ఎర్రచెక్క గుమ్మం దాటాల్సిందే. మళ్ళీ లోపలికి రాకూడదు."

"వినబడకపోతే?" అన్నాను.

"ఉండనిస్తాను."

అయ్యగారు తలూపారు. ఆయన ఎవరు మాట్లాడినా తలూపేవారు. నాకు మాత్రం ఇది తేలిగ్గా పోయే విషయం కాదు. ఊరు మొత్తానికి మైకుసెట్టు ఉన్నది చర్చిలోనే. అది లేకపోతే నాది గిటారు కాదు, ఆరు తీగలున్న పీట.

మా వైపు ఏది చెడినా ముందు పంపుసెట్ల మెకానిక్ దగ్గరికే వెళ్తారు. నేనూ గిటారు మోసుకెళ్ళాను. ఆయన మిరపతోటలో ఇంజను విప్పి కూర్చొని ఉన్నాడు. జాక్‌ని చూసి, "దీంట్లోంచి ఏవొస్తది?" అన్నాడు.

"పాట, బాబాయ్."

"లీకవుతోందా?"

"అలాంటిదే."

ఆయన సంచిలో ఉన్న నట్లన్నీ పెట్టి చూశాడు. సగం పట్టలేదు, సగం వదులు. చివరికి ఒక వదులు నట్టు తీసి, గొట్టాలకు చుట్టినట్టే జాక్ మరచుట్లకు జనపనార చుట్టి, తెల్లటి సఫేదా ముద్ద పూసి, గిటారుకు అంత బలం ఎందుకని కూడా చూడకుండా బిగించాడు. "ఇక చుక్క కారదు, పో" అన్నాడు.

చుక్క కారలేదు నిజమే. పాట కూడా కారలేదు. సఫేదా జాక్ లోపలికి దిగి పేరుకుపోయింది. దాన్ని అగ్గిపుల్లతో గోకడానికి రెండు సాయంత్రాలు పట్టింది. నారతో పాటు నట్టూ ఊడొచ్చింది. ఈలోగా అత్త మా అమ్మతో, "మీవాడు గిటారుకు సున్నం వేయిస్తున్నాడటగా, గృహప్రవేశం ఎప్పుడు?" అందట.

మిగిలింది గుంటూరు. వైర్లు ఊడదీసిన జాక్‌ని జేబులో వేసుకొని, బస్సులో మిరపటిక్కీల మధ్య కూర్చొని, ఆ బస్తాల ఘాటుకు తుమ్ముకుంటూ వెళ్ళాను. రేడియో సామాను దొరికే కొట్టాయన నా చేతిలో జాక్‌ని చూసి మొహం చిట్లించాడు.

"గిటారుదా? ఇది గుంటూరయ్యా. మిరపకాయలడుగు, పొగాకడుగు."

"అవి ఈ మరకు పట్టవండీ."

"ఏం చదువుతున్నావు?"

"బీకాం."

"తెలుస్తోంది."

అప్పుడు వెనక బల్ల దగ్గర రేడియో బాగుచేస్తున్న ముసలాయన తలెత్తకుండానే చెయ్యి చాపాడు. జాక్ తీసుకొని, మరను గోటితో ఒకసారి గీసి, "ఇది వాల్యూము కంట్రోలు మర. పాత వాల్వు రేడియోది పడతది" అన్నాడు. మూలనున్న చచ్చిన రేడియోల గుట్ట చూపించాడు.

"ఊరికే ఇచ్చేస్తావా?" అన్నాడు కొట్టాయన.

"విప్పుకోనీ. వాటి దుమ్ము దులిపే నాథుడు ఎటూ లేడు."

గంటసేపు దులిపాను. మూడో రేడియోలో నట్టు కదిలింది. దాని కింద పళ్ళ వాషరు కూడా ఉంది. జాక్‌కి పెట్టి తిప్పితే, అక్కడే పుట్టినట్టు వెళ్ళి కూర్చుంది. నేను ఎగిరి గంతెయ్యబోతుంటే ముసలాయన, "ఆగు. వైర్లు మళ్ళీ అతికి బిగించేటప్పుడు లోపల జాక్‌ని తిరగనివ్వకు. తిరిగితే వైర్లు మెలిపడి తెగుతాయి. అప్పుడు నా దగ్గరికి రాకు" అన్నాడు. ఆయన నాతో ఆడిన మంచిమాట అదొక్కటే.

పంట పండగనాడు బలిపీఠం ముందు గుమ్మడికాయలు, మిరపకాయల బస్తాలు, పత్తి బుట్టలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. నేను వైరు గుచ్చాను. నిశ్శబ్దం. అటూ ఇటూ ఊపాను. అయినా నిశ్శబ్దమే. అత్త వైపు చూసి నవ్వాను కూడా. అంతటితో ఆపేసుంటే గెలిచేవాణ్ణి.

పాట మొదలైంది. రెండో చరణం సగానికొచ్చేసరికి మెల్లగా ఒక సంగతి అర్థమైంది. ఆ ఆదివారం నన్ను కాపాడింది గరగరే. ఇప్పుడు నేను వేళ్ళు ఆలస్యంగా మార్చిన ప్రతి పట్టూ, నొక్కకుండా వదిలేసిన ప్రతి తీగా చర్చి గోడలకు తగిలి తిరిగి నా మొహానికే వస్తోంది. ముందు వరసలో ఎవరో, "కోడి పీక మీద కాలేసిందెవర్రా?" అని చూసుకున్నారు. కోళ్ళు కూడా ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

పాట అయ్యాక అయ్యగారు ఆశగా, "గరగర లేదమ్మా" అన్నారు.

"లేదండీ," అంది అత్త. "ఉంటేనే బాగుండేది. వీడు వాయించేదేంటో వినబడేది కాదు."

"మాటంటే మాటే అత్తా. ఉండనిస్తానన్నావు."

"మాటే. గిటారును ఉండనిస్తానన్నాను. నిన్ను ఉండమన్నదెవరు?"

అయ్యగారు తలూపారు.

మరుసటి ఆదివారం నుంచి హార్మోనియం పక్కన ఒక కుర్చీ వేయించింది. నేను గిటారు మోసుకొచ్చి ఆ కుర్చీలో పెట్టి, వైరు గుచ్చి, మగవాళ్ళ వైపు చాప మీద కూర్చునేవాణ్ణి. ఆరాధన అయ్యాక మళ్ళీ మోసుకెళ్ళేవాణ్ణి. నాలుగో వారం వాక్యం చెప్పడానికి పక్క ఊరి నుంచి వచ్చిన ఉపదేశి ఆ కుర్చీ చూపించి, ఎవరికోసమమ్మా అని అడిగాడు.

"నేర్చుకున్నవాడికి," అంది అత్త, నా వైపు చూడకుండా.

నేను తల వంచుకొని, ఎడమచేతి వేళ్ళతో మోకాలి మీద ఆ పాట పట్టులు వెదుక్కుంటున్నాను. పక్కనున్న పెద్దాయన కాసేపు నా చేతినే చూసి, గజ్జి అనుకొని చాప అంచుకు జరిగాడు.