ఎర్ర డాలు ఇంటివాళ్లు

దోహా మెట్రోలో పక్కసీటామె నా పుస్తకంలోకి తొంగిచూసింది. అలా చూసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అయినా ఏమిటని అడిగితే చెప్పాను: బ్యాంకులు నడిపిన ఒక యూదు కుటుంబం చరిత్ర. పూర్వం వాళ్ల ఇంటికి ఎర్ర డాలు గుర్తు ఉండేది, అదే ఇంటిపేరైంది. తర్వాత పెనం గుర్తున్న ఇంటికి మారినా పాతపేరు వదల్లేదు.

"ఎందుకు ఇడుస్తరక్కా?" అందామె. "మా ఆయనతోని విడాకులైనయి. నా కుట్టు దుకాణం మీదికెల్లి ఆయన ఇంటిపేరు తీసెయ్యమంటుండు."

"తీసి పారెయ్. ఆయన పేరు నీకెందుకు?"

"మంచిగ చెప్పినవ్! జాకెట్లన్నీ నేనే కుట్టిన. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాల ఆ పేరంటే నేనే. కావాల్నంటే ఆయననే మార్చుకొమ్మను."

ముషైరిబ్ రాగానే దిగిపోయింది. వాదనలో చివరి మాట నేను ఎదుటివాళ్లకు వదిలేసింది ఆ ఒక్కసారే.