రెండింటి దాకా ఫోన్లు బందు

లింబాద్రి మరణవార్త బోధన్ పట్టణంలో అందరికన్నా ఆఖరున తెలిసింది నాకే. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ప్రాణం పోయింది. మధ్యాహ్నం రెండు దాటాక, మూసి ఉన్న ఆయన షెడ్డు ముందు మిర్చి బజ్జీల పొట్లం పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. ఇంత ముఖ్యమైన రోజున ఆలస్యం చేస్తాడా అని మనసులో తిట్టుకుంటున్నాను. మూడవుతుండగా పక్క హోటలామె వచ్చి చెప్పింది. దీర్ఘకాల మైత్రికి నేను చెల్లించిన అంతిమ నివాళి ఆ తిట్లు. ఈ సంగతి దాచిపెట్టి ఆయన గుణగణాలు కీర్తిస్తే అది అబద్ధపు వ్యాసం అవుతుంది కాబట్టి ముందే రాస్తున్నాను.

నేను రచయితను కాను. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచిన కాటా గుమాస్తాను. కాలువ కింది భూముల కోసం కృష్ణా తీరం నుంచి వలస వచ్చిన కుటుంబం మాది. లింబాద్రి అదే ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనకు నేను మొదటి రోజు నుంచీ 'కాటా సారు'నే. కాటా పోయి, ఫ్యాక్టరీ మూతపడి ఇన్నేళ్లయినా ఆ పేరు మారలేదు. నేను మాత్రం ఆయన్ను 'లింబాద్రి గారూ' అంటే, "గా గారు ఎవలు సారూ? నాకెర్క లేదు" అని చుట్టూ వెతికేవాడు. అందుకని ఇక్కడ కూడా గారు పెట్టడం లేదు. మనిషి పోయాక కొత్త మర్యాదలు మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన నిజామాబాద్ రోడ్డు మీద మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు పెట్టాడు. అన్ని పనులూ చేసేవాడు కానీ, ప్రఖ్యాతి మాత్రం బ్రేకులకే. బ్రేకు బాగుచేసి బండిని ఊరికే అప్పగించడం ఆయనకు తెలియదు. బండి యజమానిని వెనక కూర్చోబెట్టుకుని తనే నడిపి, రోడ్డు మీద సున్నపు గీత గీసి ఉన్న చోట సరిగ్గా గీత మీద ఆపి చూపించాలి. ఒక వేలు దాటినా మళ్లీ విప్పేవాడు. తొందరపడేవాళ్లు విసుక్కునేవారు. ఆయన వినిపించుకునేవాడు కాదు. కార్యనిష్ఠ అనే మాటను పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. దానికి గ్రీజు మరకలుంటాయని ఈయన దగ్గరే చూశాను.

అటువంటి మనిషి బ్రేకులే లేని బండ్ల మీద మనసు పారేసుకున్నాడు. ఫ్యాక్టరీలో మొలాసిస్ అనే చెరకు మడ్డి నుంచి స్పిరిటు తీసే విభాగం ఆయన వర్క్‌షాపు పక్కనే ఉండేది. ఆ వాసన పీలుస్తూ, ఈ సరుకు పోస్తే ఇంజను నడవదా అని సర్వీసంతా ఆలోచించాడట. చేతికి పెద్ద ఫోను వచ్చాక ఆ సందేహమే వెతుక్కుంటూ పోతే స్పీడ్‌వే దొరికింది. ఎరుగనివారి కోసం చెబుతాను. మట్టి పరిచిన గుండ్రటి బాట మీద నలుగురు మోటారు సైకిళ్లతో నాలుగు చుట్లు తిరుగుతారు, ఎప్పుడూ ఎడమవైపే. ఇంధనం మిథనాలు అనే ఒక రకం స్పిరిటు. గేరు ఒకటే, బ్రేకు లేదు. ఒక పరుగు నిమిషంలో అయిపోతుంది. మొదటివాడికి మూడు పాయింట్లు, ఆ తరువాతివాళ్లకు రెండు, ఒకటి, సున్నా. ఇట్లాంటి పరుగులు చాలా అయ్యాక, పాయింట్లలో ముందున్న నలుగురు చివరి పరుగు తిరుగుతారు. యూరప్‌లో వేసవి పొడుగునా ఒక్కో ఊళ్లో ఒక్కో పోటీ పెట్టి ప్రపంచ విజేతను తేలుస్తారు. మన దేశంలో దీన్ని చూసేవారు ఎందరో నాకు తెలియదు. బోధన్‌లో మాత్రం మేం ముగ్గురమే.

మూడోవాడు గంగారెడ్డి, వేల్పూర్‌లో పసుపు పండించే రైతు. అత్తగారి ఊరికి వచ్చినప్పుడు బ్రేకు బాగుచేయించుకుందామని షెడ్డుకు వచ్చాడు. మేం చూస్తున్న టీవీ ముందు నిలబడ్డాడు, తరువాత కూర్చున్నాడు, పొద్దుగూకే దాకా లేవలేదు. ఆ తరువాత పోటీ ఉన్న ప్రతి ఆదివారం అంత దూరం నుంచి వచ్చేవాడు. వాళ్ల ఆవిడకు ఏం చెప్పి వచ్చేవాడో మేం అడగలేదు.

పోటీలు అక్కడ శనివారం సాయంత్రం జరుగుతాయి. అప్పటికి మాకు పడుకునే వేళ. అందుకని ఆదివారం మధ్యాహ్నం రెండింటికి షట్టరు సగం దించుకుని రికార్డింగు చూసేవాళ్లం. లింబాద్రి ఫోనును టీవీకి తగిలించేటప్పుడు తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టేవాడు, ఫలితం ఎక్కడైనా కనబడుతుందేమోనని. ఆయన ఒళ్లో ఒక పొడుగాటి నోట్‌బుక్ ఉండేది. ప్రతి పరుగుకూ నాలుగు పేర్లు ముందే రాసి, పక్కన గడులు గీసి ఉంచేవాడు. ఆ పేర్లు ఆయన పెట్టినవే: ఎర్రగడ్డపోడు, మూతిముడుపోడు, పొట్టోడు. ఆటగాళ్ల టోపీలు ఎరుపు, నీలం, తెలుపు, పసుపు రంగుల్లో ఉంటాయి. ఎరుపుకూ నీలానికీ పెన్నులు, తెలుపుకు ఉత్త సున్నా. పసుపుకు మాత్రం గంగారెడ్డి తెచ్చిన పసుపే. తడిపిన అగ్గిపుల్లతో అద్ది చుక్క పెట్టేవాడు. ఆ పుస్తకం ఇప్పటికీ పసుపు వాసన వేస్తుంది.

పొట్టోడు మా వాడు. తొమ్మిది సీజన్లుగా మేం చూస్తున్నాం, తొమ్మిదిసార్లూ కిరీటం అతని చేతిదాకా వచ్చి జారిపోయింది. నాకు అతని వేగం నచ్చేది. లింబాద్రికి నచ్చింది వేరే. "కిందవడ్డంక సూడు సారూ. ముంగట పక్కోణ్ణి లేపుతడు, బండి సంగతి తర్వాత" అనేవాడు. ఈ ఒక్క మాటతో ఆయన మనుషులను ఎట్లా కొలిచేవాడో తెలుస్తుంది. నన్ను అదే కాటా మీద పెట్టి చూసి ఉంటాడా అని ఈ మధ్య ఆలోచిస్తున్నాను.

ఒకసారి కీలకమైన మలుపు దగ్గర గంగారెడ్డికి తుమ్ము వచ్చింది. వెనక్కి తిప్పి మళ్లీ చూపించమన్నాడు. లింబాద్రి ఒప్పుకోలేదు. "ఆళ్లకు రెండోపారి లేదు గద. మనకెందుకు?" అన్నాడు. గంగారెడ్డి అలిగి బజ్జీలు తినడం మానేశాడు, ఒక పావుగంట. ఆ రోజు నుంచి ఏ పరుగునూ వెనక్కి తిప్పలేదు. ఆయన కోపంతో నియమాలు పెట్టే మనిషి కాడు. నవ్వుతూ చెప్పేవాడు, మేం పాటించేవాళ్లం.

మరోసారి ఒక కాలేజీ కుర్రవాడు షట్టరు కింద నుంచి వంగి ఈ ఆట చూసి, మరునాడు వచ్చి తన బండికి బ్రేకులు పీకేయమన్నాడు. లింబాద్రి వాణ్ణి కూర్చోబెట్టి టీ తాగించాడు. "ఆళ్లు తిరిగేది మైదానంల బిడ్డా. ఆడ ఎదురుంగ వచ్చేటోడు ఉండడు. నీకు బాన్సువాడ రోడ్డు మీద ట్రాక్టరొస్తది, బర్రె వస్తది, గుడ్డి లైటు లారీ వస్తది" అన్నాడు. వాడి బ్రేకులు బిగించి పంపాడు. ఆయనకు ఆ ఆట పిచ్చి ఉన్న మాట నిజమే కానీ, పిచ్చికి ఎక్కడ షట్టరు దించాలో తెలిసిన మనిషి.

లోపం లేదా అంటే, ఒకటి ఉంది. ఆత్రం. మూడేళ్ల కిందట ఒక ఆదివారం ఉండబట్టలేక పొద్దున్నే ఫోనులో ఫలితం చూసేశాడు. చెప్పలేదు, గుట్టుగానే కూర్చున్నాడు. కానీ పొట్టోడు బండి ఎక్కుతున్నప్పుడు "పాపం" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయింది. నా కోపం ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. లేచి వచ్చేశాను. తరువాతి రెండు పోటీలకు వెళ్లలేదు. చివరకు ఆయనే ఉతికిన చొక్కా వేసుకుని మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కోపం దీయి సారూ. శనివారం పొద్దుగూకంగనే ఫోను బందు వెడ్త. ఆదివారం రెండింటి దాక తియ్య. ఒట్టు."

అంతటితో సరే అని ఉంటే సరిపోయేది. నేను పెద్దరికానికి పోయి, నువ్వొక్కడివే ఎందుకు, ముగ్గురం కట్టేద్దాం, నియమమంటే అందరికీ ఉండాలి అన్నాను. ఆయన సంతోషించాడు. అట్లా మొదలైంది మా రెండింటి కట్టుబాటు. దీనికి మూలపురుషుణ్ణి నేను.

ఈ సీజను ఆఖరి పోటీ నాటికి పొట్టోడికి మళ్లీ అవకాశం వచ్చింది. చివరి పరుగులో మొదటి స్థానం దక్కితే కిరీటం అతనిదేనని గంగారెడ్డి లెక్క తేల్చాడు. శనివారం సాయంత్రం ముగ్గురం ఫోన్లు కట్టేశాం. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి లింబాద్రికి ఛాతీలో నొప్పి వచ్చింది.

తరువాతిదంతా ఆయన భార్య సాయవ్వ చెప్పిందే. ఆమె ఎన్నడూ ఆ ఆట చూడలేదు. 'గా ఎడమ తిరుగుడు' అనేది. వాళ్లింటికి మా ఇల్లు రెండు వీధుల అవతల, తెలిసినవాళ్లలో కారు ఉన్నది నాకే. తన చిన్న ఫోనులో నా నంబరు నొక్కుతుంటే, మంచం మీద నుంచి ఆయనే ఆపాడట. "చెయ్యకు. సారు ఎత్తడు. రెండింటి దాక ఎత్తడు." ఆ మాట నిష్ఠూరంగా అనలేదని, బస్సు వేళ చెప్పినట్టు మామూలుగా చెప్పాడని సాయవ్వ అంది. అయినా ఆమె చేస్తూనే ఉంది. మనిషిని ఒంటరిగా వదిలి రెండు వీధులు రావడానికి ధైర్యం చాలలేదు. ఇరుగుపొరుగుకు మా ఇల్లు తెలియదు, వాళ్లు ఆటో పట్టుకొచ్చేసరికి చాలాసేపయింది. నిజామాబాద్ ఆసుపత్రికి పోయే దారిలో సగం రోడ్డు మీద సోయా ఆరబోసి ఉండడంతో ఆటో మెల్లగా పోయింది. ఎడపల్లి దాటాక ఆయన సాయవ్వ భుజం మీద తల వాల్చాడు.

ఆ ఉదయమంతా నేను ఇంట్లోనే ఉన్నాను. వరండాలో కూర్చుని పేపరు చదివాను. బీరువా మీద ఫోను నల్లగా పడి ఉంది. నేను నియమం పాటిస్తున్నానని తృప్తిగా కూడా ఉంది. గంగారెడ్డి ఊళ్లోకి వస్తూనే కబురు విని అటే వెళ్లాడట, షెడ్డుకు పోయింది నేనొక్కణ్ణే. ముందే తీసుకెళ్తే బతికేవాడని ఎవరూ అనలేదు, డాక్టరూ అనలేదు. అనకపోయినా నాకు వినబడుతూనే ఉంటుంది. ఇంకో మాట కూడా రాయాలి. ఈ ఊళ్లో ఆ ఫలితాన్ని నాకు ఫోను చేసి చెప్పేవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఎవరు చెబుతారని నేను ఫోను కట్టేశాను? ఈ ప్రశ్న మూడేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక సాయవ్వ నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆఖరి పుట అంతా గీసి ఉంది. పేర్లు రాసి, చుక్కలు పెట్టి, గడులు ఖాళీగా వదిలాడు. చివరి పరుగులో ఎవరు ఉంటారో ముందు తెలియదు కదా, అక్కడ మాత్రం ఒకే ఒక్క పేరు రాసుకున్నాడు, పొట్టోడని. "నింపుండ్రి సారూ. ఆయన గీతలు గీసి వెట్టిండు" అంది. గంగారెడ్డి ముఖం తిప్పుకున్నాడు. మేమిద్దరం ఆ ఆట ఇంకా చూడలేదు. ఎవరు గెలిచారో కూడా తెలియదు.

తరువాతి ఆదివారం రెండింటికి షెడ్డు తెరిచాం. టీవీ పక్కన ఆయన ఫొటో పెట్టారు. సాయవ్వ కూడా వచ్చి, ఆయన కూర్చునే స్టూలు వదిలి కింద చాప మీద కూర్చుంది. గంగారెడ్డి తన ఫోను తగిలించాడు. నేను గడులు నింపుతూ పోయాను. సాయవ్వ ఒక్క ప్రశ్నే అడిగింది, వీళ్లలో పొట్టోడు ఎవరని. చూపించాను. ఆ తరువాత ఆమె కళ్లు అతని మీద నుంచి కదలలేదు.

చివరి పరుగు వచ్చింది. పొట్టోడిది పసుపు టోపీ. నలుగురూ వచ్చి, పరుగు మొదలుపెట్టడానికి అడ్డంగా కట్టిన తాడు ముందు నిలబడ్డారు. తాడు పైకి లేచింది. అదే క్షణాన నా జేబులో ఫోను మోగింది.

లింబాద్రి పోయిన రోజు నుంచి నేను ఫోను కట్టేయలేదు, మోగితే ఎత్తకుండా ఉండలేదు. లేచి బయటికి వెళ్లాను. మా కోడలు. వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మంది. సరేనన్నాను. ఇంకేమైనా కావాలా, అంతా బాగున్నారా అని కూడా అడిగాను. లోపలికి వచ్చేసరికి ఇంజన్ల చప్పుడు ఆగిపోయింది. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన ఒక్క నిమిషం అయిపోయింది. గంగారెడ్డి వెనక్కి తిప్పనా అన్నట్టు ఫోను వైపు చెయ్యి చాపి, ఫొటో చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఏమైందని అడిగాను. సాయవ్వే చెప్పింది.

"రెండోడొచ్చిండు సారూ. జరంతల పోయింది." ఆపి, ఫొటో వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఆయనకు సెప్పకుండ్రి."

లింబాద్రీ, బోధన్‌లో ఇకమీదట బండి బ్రేకు కోసం సున్నపు గీత గీసేవాడు లేడు. నా కోపం తీర్చడానికి గేటు దగ్గరికి వచ్చేవాడు లేడు. నీ స్థానం నింపే శక్తి ఈ అలసిన చేతికి లేదు. నువ్వు వదిలిన గడి మాత్రం నింపాను. పేరు పక్కన పసుపు చుక్క పెట్టి, ఎదుట రెండు అంకె వేసి, నీ ఫొటోకు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి పుస్తకం మూశాను.