గంగరాజం మంద్రస్వరం

పోయిన వారం పొద్దున, ఇక్కడ మస్కట్‌లో ఖురం వైపు కట్టడం సైట్‌కు వెళ్లే లారీ కోసం నిల్చున్న గంగరాజం గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. కంపెనీ స్టోర్‌లో పనిలో ఉన్న నాకు ఆ దుర్వార్త అందింది గాని, మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. క్యాంపు రూమ్‌లో నా పక్క మంచం అతనిది. అటు చూడలేక గోడవైపు తిరిగి పడుకుంటున్నాను.

జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టి, తత్వాలు పాడే తండ్రి వెంట తిరిగి పాట నేర్చుకుని, బొంబాయిలో ఓడ ఎక్కి మస్కట్ చేరిన కూలీ అతను. కంఠం అగాధ గంభీరం. కాంక్రీటు మిక్సర్ మోతలో మేమంతా గొంతులు చించుకునేవాళ్లం. అతను మాత్రం ఆ మోత కింద నుంచి పాడేవాడు, ప్రతి మాటా వినిపించేది. మా ఫోర్‌మన్ ఖాదర్ భాయిది కడప. మొదటిసారి విన్నప్పుడు, "ఏం గొంతప్పా అది! బావిలోంచి వచ్చినట్టుండాదే!" అంటూ పని ఆపి కూర్చున్నాడు.

ఒక శ్రీరామనవమికి మస్కట్‌లోనే వాదీకబీర్ అనే పేటలో ఉండే తెలుగు కుటుంబాలవారు భజనకు పిలిచారు. హార్మోనియం ముందున్న పెద్దమనిషి పై శ్రుతి పట్టి, "కాస్త గొంతెత్తి పాడవయ్యా" అన్నాడు. గంగరాజం చేతులు జోడించాడు.

"నాకు మీదికి రాదు సారూ. మీరే జర కిందికి రండ్రి."

అందరూ నవ్వారు. ఆయన శ్రుతి తగ్గించాడు. పాట ముగిసేసరికి ఆ నవ్వినవాళ్లే కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ తర్వాత ఏ పండగ వచ్చినా ఎవరో ఒకరు కారులో వచ్చి అతన్ని తీసుకెళ్లేవారు. తిరిగొచ్చేటప్పుడు మా అందరికీ ప్రసాదం మూట కట్టుకొచ్చేవాడు.

అతనికి చదువు రాదు. ఉత్తరానికి బదులు ఖాదర్ భాయి టేప్‌రికార్డర్ ముందు కూర్చుని క్షేమసమాచారం చెప్పి, చివర ఒక తత్వం పాడేవాడు. ఆ క్యాసెట్ సెలవుపై వెళ్లేవాళ్ల చేతిలో ఊరు చేరేది. భార్య లస్మవ్వ దాన్ని తనివితీరా విని, దాని మీదే తన మాటలు చెప్పి తిప్పి పంపేది. మా క్యాసెట్ల చివరా అతని చేత ఒక పాట పాడించి పంపేవాళ్లం; మా అందరి ఇళ్లలోనూ అదే పద్ధతి. ఆమె మాట ఎక్కితే అతని పాట చెరిగిపోయేది. ఎవరైనా అయ్యో అంటే, "చెరిగితే ఏమాయె? గొంతు నా దగ్గర్నే ఉన్నది గద" అని నవ్వేవాడు.

దహనం ఇక్కడే చేశాం. లస్మవ్వకు ఆ కంఠం ఒక్క పాటలోనైనా దక్కాలని రూమ్ రూమ్ తిరిగి వెతికాం. ఏ క్యాసెట్ పెట్టినా ఎవరి తల్లో, ఎవరి ఇల్లాలో మాట్లాడుతున్నారు. గంగరాజం ఎక్కడా లేడు.

మా టెలిగ్రాం అందకముందే ఊళ్లో బయలుదేరిన ఆమె క్యాసెట్ నిన్న మాకు చేరింది. "పిల్ల నీ పాట వింటెనే పండుకుంటది. మళ్ల పాట మీదనే మాట్లాడుతున్న, ఏమనుకోకు. ఈసారి జర పెద్ద పాట పాడి పంపు." ఖాదర్ భాయి టేపు ఆపి బయటికి వెళ్లిపోయాడు. నాకు దుఃఖం ఆగలేదు.

ఇవాళ కొత్త క్యాసెట్ తెచ్చి, అతను ఎప్పుడూ పాడే తత్వాన్నే అందరం కలిసి పాడాం. చరణం చివర అతని స్వరం లోతుకు దిగే చోటికి వచ్చేసరికి ఒక్కొక్క గొంతూ ఆగిపోయింది. టేపులో ఫ్యాను చప్పుడే పడింది. కాసేపటికి మళ్లీ అందుకుని పాట పూర్తిచేశాం. ఆ ఖాళీని చెరపలేదు.

తమ్ముడా గంగరాజం, నువ్వు రమ్మన్నంత కిందికి మేము రాలేకపోయాం. నీ చోటు నీకే వదిలి, పాటను మీ ఇంటికి పంపుతున్నాం.