ఎడమచేతి గోడ

మా పెదనాన్నని ఊళ్ళో అందరూ టైపు మాస్టారు అనే పిలుస్తారు. టైపు మిషన్లు తుక్కు కిందికి పోయి ఎన్నేళ్ళయిందో గాని, ఆ పేరు మాత్రం పోలేదు. ఎనభైకి దగ్గర పడుతున్నా కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చుంటాడు. ఎవరైనా ఫోన్లో ఒక్క బొటనవేలితో టైపు చేస్తుంటే చూడలేక మొహం తిప్పుకుంటాడు. పది వేళ్ళున్నది దేనికి అని గొణుగుతాడు.

ఆయన టైపు నేర్పిన గది బట్టల దుకాణం మేడ మీద ఉండేది. మెట్లెక్కుతుంటేనే టకటకలు వినిపించేవి. మీటల మీద గుడ్డ కప్పి, దారి వేళ్ళకి తెలియాలి గాని కళ్ళకి కాదు అనేవాడు. వంగి చూసినవాడి చెవి ఎర్రబడేది. తర్వాత కాలం మారి, మిషన్ల చోట కంప్యూటర్లు వచ్చాయి. పెదనాన్న వాటిని కొత్త కోడల్ని చూసినట్టు చూశాడు, మర్యాదగానే, కాస్త అనుమానంగా.

ఒక మధ్యాహ్నం పాఠం వేళకి గదిలో నాతో సహా అందరం ఒకే కంప్యూటర్ చుట్టూ మూగాం. ఎవరో ఫ్లాపీలో ఆట తెచ్చారు. యుద్ధకాలం నాటి కథ. శత్రువుల కోటలో బందీగా పడ్డ సైనికుడు కాపలావాళ్ళని కాల్చుకుంటూ బయటపడాలి. అంతవరకు మేం చూసిన ఆటల్లో బొమ్మ మనిషి తెర మీద అటూ ఇటూ గెంతేవాడు. ఇందులో మనిషే కనబడడు. కింద తుపాకీ, ఎదురుగా రాతి గోడలు. చూసేవాడే ఆ సైనికుడు. ఆ తర్వాత వచ్చిన తుపాకీ ఆటల్లో సగం దాని పిల్లలేనని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటారు. పెదనాన్నకి ఆ రోజు కనిపించింది మాత్రం అల్లరి ఒక్కటే. "లేవండందరూ! ఏవిటీ సంత?" అని కుర్చీ ఖాళీ చేయించి, దాన్ని ఆపడం ఎలాగో తెలియక తనే కూర్చున్నాడు. మళ్ళీ లేచేసరికి ఆయన టీ చల్లారి తెట్టు కట్టింది.

కాల్చడం ఆయనకి ఒంటబట్టలేదు. కాపలా కుక్కలొస్తే అసలు చెయ్యే ఆడేది కాదు. "పాపం, దానిదేం తప్పు? పెంచినవాణ్ణి అనాలి" అంటూ వాటి చేతిలో చచ్చేవాడు. ఆయన్ని కట్టిపడేసింది ఆ కోట. ఒకే రకం గోడలు, ఒకే రకం తలుపులు, ఎటు వెళ్ళినా వచ్చిన చోటికే వచ్చినట్టుండే నడవలు. అందరూ దారి తప్పి విసుక్కుంటుంటే ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. ఎడమచెయ్యి గోడకి ఆనించామనుకుని, ఆ గోడ వెంటే నడవాలి. గోడ తిరిగితే మనమూ తిరగాలి. తలుపొస్తే తెరవాలి. ఎప్పటికో ఒకప్పటికి బయటి దారి దొరుకుతుంది. "తొందరపడొద్దు, తెలివి చూపించొద్దు, గోడ వదలొద్దు" అని నాకూ నేర్పాడు. పెద్దమ్మకి చెప్పబోతే, "మీ కోట గోల నాకెందుకు గాని, ముందు ఈ బల్బు మార్చండి" అంది.

గది మూసేసినప్పుడు ఆయన ఇంటికి తెచ్చుకున్నది ఒక్క పాత కంప్యూటరే. అందరూ పొద్దున్నే పేపరు చదివినట్టు ఆయన ఆ కోటలో తిరిగొస్తాడు. కంప్యూటర్‌కి జబ్బు చేస్తే చూసేది నేను.

కొన్నాళ్ళుగా ఆయన మతిమరుపు ముదిరింది. మొదట కళ్ళజోడు, తర్వాత పేర్లు, ఆ తర్వాత దారులు. ఒకసారి క్షవరానికని వెళ్ళి బస్టాండులో తేలాడు. ఇది తగ్గేది కాదని, నెమ్మదిగా పెరిగేదేనని డాక్టర్ చెప్పేశాడు. చిత్రమేమిటంటే, ఆ కోటలో ఏ తలుపు వెనక ఏముందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు, మా అన్నయ్య, హడలిపోయాడు. వీధి తలుపుకి లోపల్నుంచి తాళం వేసి పెడదామన్నాడు.

"సాయంత్రం నడక లేకపోతే ఆయనకి ముద్ద దిగదురా. తాళం వేసి కూర్చోబెడితే మనిషి మిగలడు" అంది పెద్దమ్మ.

"రోడ్డు మీద ఏమైనా అయితేనో? ఇంకొక్కసారి దారి తప్పితే మాత్రం నేనెవరి మాటా వినను. తాళం వేసేస్తాను."

పెద్దమ్మ సరేనంది. ఇంకేం అంటుంది? అన్నయ్యని తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. రాత్రుళ్ళు ఆ తలుపు చప్పుడుకి ఉలిక్కిపడి లేచేవాడు వాడే. పెదనాన్న పక్కగదిలోంచి అంతా విన్నాడు. నన్ను దగ్గరికి పిలిచి, "తాళం వేస్తారట్రా?" అన్నాడు మెల్లగా. "ఏం కాదులే పెదనాన్నా" అన్నాను. 

ఒక ఆదివారం సాయంత్రం నేను కీబోర్డు మార్చడానికి వాళ్ళింట్లో ఉన్నాను. పెదనాన్న బ్లేళ్ళు కొనుక్కొస్తానని చెప్పులేసుకున్నాడు. దుకాణం రోడ్డుకి అవతలే. ఎంతసేపటికీ రాలేదు. దుకాణంలో అడిగితే ఎప్పుడో వెళ్ళిపోయారన్నారు. అన్నయ్య బైకు తీసి బస్టాండు వైపు వెళ్ళాడు. పెద్దమ్మ, నేను గుమ్మంలో నిలబడ్డాం. 

అప్పుడు కనిపించాడు. అవతలి పక్క మందుల షాపు ముందు నుంచి వెళ్తున్నాడు. వీపు నిటారుగా ఉంది. ఎడమ అరచెయ్యి షట్టర్ మీదుగా, కరెంటు మీటర్ల పెట్టె మీదుగా, ఇస్త్రీ కొట్టు గోడ మీదుగా జారుతోంది. నేను కేకేశాను. ఒక లారీ హారన్ ఆ కేకని మింగేసింది. రోడ్డు ఖాళీ అయ్యేలోగా ఆయన మూల తిరిగిపోయాడు. ఎటు వెళ్ళాడో మేం తేల్చుకునేలోగా రెండో మూలనుంచి మళ్ళీ అదే నడకతో వచ్చాడు.

"మాస్టారు ఇవాళ వాకింగ్ గట్టిగానే చేస్తున్నారండోయ్! ఇందాకట్నుంచి తిరుగుతూనే ఉన్నారు" అని మందుల షాపాయన నవ్వుతూ అరిచాడు.

అప్పుడు నాకు అర్థమైంది. దారి తప్పగానే ఆయన తన పద్ధతి పట్టాడు. దానికో లోపముంది, అది నాకు చెప్పిందీ ఆయనే. నాలుగు పక్కలా దారులున్న విడి గోడని పట్టుకుంటే జన్మంతా దాని చుట్టూనే తిరుగుతాం. ఆ షాపుల వరస నాలుగు వీధుల మధ్య విడిగా ఉంది. ఇల్లు రోడ్డుకి ఇవతల ఉంది. పెదనాన్నకి పద్ధతి గుర్తుంది, లోపం గుర్తులేదు.

పెద్దమ్మ చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాటేసింది. వెనకాలే నేనూ వెళ్ళాను. ఆయన అరచెయ్యి గీరుకుపోయి మట్టికొట్టుకుని ఉంది.

"ఎంత తిరిగినా తలుపు రావట్లేదే" అన్నాడు.

"అదుగోండి మనిల్లు, ఎదురుగానే. రండి."

ఆయన అటు చూశాడు గాని నమ్మలేదు. "గోడ వదిలితే ఇక అంతే సంగతులు" అంటూ చెయ్యి ఇంకా గట్టిగా అదిమాడు.

నేను భుజం పట్టుకోబోయాను. పెద్దమ్మ కళ్ళతోనే నన్ను ఆపింది. ఆయన అరచేతికీ గోడకీ మధ్య తన చెయ్యి దూర్చింది.

"ఇదీ గోడే అనుకోండి. నేనెటు తిరిగితే మీరూ అటు తిరగండి. వదలకండి."

ఆయన ఆ చేతిని కాసేపు తడిమి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అడుగేశాడు. వస్తున్న బస్సు ఒకటి వాళ్ళని చూసి ఆగింది.

అన్నయ్య తిరిగొచ్చేసరికి పెద్దమ్మ ఆయన చెయ్యి కడుగుతోంది. వాడు నోరు తెరవకముందే, "తాళం మాటెత్తకు. ఒక్కర్నే పంపితే కదా తప్పిపోయేది, రేపట్నుంచి నేనూ వెళ్తాను" అంది.

"నీ మోకాళ్ళో?"

"నాతోపాటే వస్తాయి."

వీధిలో ఎప్పుడూ పెద్దమ్మకి నాలుగడుగులు ముందు నడిచిన మనిషి, ఇప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. చూసినవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఈమధ్య ఆయనకి నా పేరు పోయింది, అన్నయ్య పేరూ పోయింది. మొన్న పెద్దమ్మని చూసి, "మీరెవరండీ?" అని అడిగాడు. ఆవిడ లోపలికెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. సాయంత్రమైంది. చెప్పులేసుకుని ఆయన పక్కన నిలబడింది. ఆయన ఆవిడ మొహంలోకి చూడలేదు. ఎడమచెయ్యి చాపి ఆవిడ చేతికోసం వెతుక్కున్నాడు. దొరికాక, "ఇంక భయం లేదు, పదండి" అన్నాడు.